ఏ-వన్ కాని పులుసు

మొన్న మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో చేపలమ్మే ఆయన వంజరం ఒకటి పైకెత్తి, "దీదీ, ఏ-వన్ మాల్! దేఖో" అన్నాడు. బేరం మరిచి, చేతిసంచీతో అక్కడే నిలబడిపోయాను. ఆ మాట వింటే చాలు, ఆదివారం ఆరాధన ముగిశాక డైరీ ఫార్మ్ పేటలోని మా ఇంట్లోకి ఉప్పుగాలితో కలిసి వచ్చే మధ్యాహ్నపు వెలుగూ, ఆ వెలుగులో భోజనానికి కూర్చున్న మామగారూ కళ్ళ ముందు కదులుతారు. వెంటనే ఆయన మీద కోపమూ వస్తుంది.

మామగారు ఓడరేవు ఆఫీసులో గుమాస్తా. ఏ-వన్ అన్న మాటను మా ఇంటికి తెచ్చింది ఆయనే. తోటికోడలి పప్పు ఏ-వన్, పాస్టరుగారి ప్రసంగం ఏ-వన్, చివరికి గోడ మీద నిద్రపోయే పిల్లి కూడా ఏ-వన్. నా చేపల పులుసుకు మాత్రం "చలేగా" అనేవారు, ఏదో నడుస్తుందిలే అన్నట్టు.

ఒక ఆదివారం ఉండబట్టలేక అందరి ముందూ అడిగేశాను. ఆయన నవ్వి, ఆ మాట వంటింట్లో పుట్టలేదనీ, పూర్వం ఇంగ్లండులో బీమావాళ్ళ కోసం ఓడలను పరీక్షించి, ఓడ శరీరానికి ఒక అక్షరం, లంగరుకూ తాళ్ళకూ ఒక అంకె వేసేవారనీ, రెండూ మేలైనవైతేనే ఏ-వన్ అనీ, ఆ మాటే రేవు దాటి లోకంలోని ప్రతి మంచి వస్తువుకూ అంటుకుందనీ తీరిగ్గా చెప్పుకొచ్చారు.

"మరి నా పులుసో, మామయ్యగారూ?"

"ముక్క ఏ-యేనమ్మా. పులుసే ఇంకా వన్‌కి రానేదు."

"అయితే నీ ఓడకి తాళ్ళు గట్టివి కావన్నమాట అక్కా!" అంది తోటికోడలు. ఆ కిసుక్కుమన్న నవ్వును నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

ఆ తర్వాత చింతపండు తగ్గించాను, పచ్చిమామిడి వేశాను, కొబ్బరిపాలు పోశాను, ముందురోజే వండి ఊరబెట్టాను. ఆ ఒక్క మాట అనకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఆ పిల్లికి కూడా దక్కిన మాట నా పులుసుకు అనడానికి ఏమొచ్చిందో, అడుగుదామంటే మనిషి లేరు.

ఇప్పుడు మనవలు ఫోన్లోంచి తలెత్తకుండానే, ముద్ద నోట్లో పెట్టుకోకముందే, నేనేం వండినా సూపర్ అనేస్తారు. మామగారు మాత్రం గిన్నె వంచి, అడుగున మిగిలిన పులుసంతా అన్నంలోకి ఒంపుకొని, వేళ్ళు నాకి, అప్పుడు చలేగా అనేవారు.