అది పవరండి!

తణుకులో మా రేసు బైకులు చూసే మెకానిక్కు ఒకటే విద్య వచ్చు. ఏ బండి చేతికొచ్చినా, ప్లగ్గులో నిప్పురవ్వ వేళకు ముందే పడేలా టైమింగ్ తిప్పేసేవాడు. ఇంజన్‌లో రేకుడబ్బాలో గులకరాళ్లు పోసినట్టు చప్పుడొచ్చేది. ఇదేంటండీ అంటే, ఆ మహానుభావుడు కచేరీ వింటున్నట్టు కళ్లు మూసుకుని, "అది పవరండి!" అనేవాడు.

ఆ పవరు, పెట్రోలు అదుపు తప్పి పేలుతూ పిస్టన్‌ను సుత్తిలా మోదడమేనని బండేసుకుని నిడదవోలు చేరేలోపే నాకు తెలిసింది. పిస్టన్ నడినెత్తిన చిల్లు. బండిని షాపుకు తోసుకొస్తే, ఆయన సిగ్గుపడకుండా దాన్ని ఊడదీసి, షాపు గుమ్మానికి వేలాడుతున్న చిల్లు పిస్టన్ల తోరణానికి కట్టాడు.

ఆయన సొంత బండి మాత్రం చప్పుడు లేకుండా నడిచేది.

"మీ బండికి టైమింగ్ తిప్పలేదేంటండీ?" అన్నాను.

"భలేవారే! రోజూ ఇంటికెళ్లాల్సిన బండండి అది."