వేళ్లు తెరుచుకోని ఏడాది

మిర్చి బస్తాల లారీ పక్క నుంచి వెళితే ఎవరికైనా తుమ్ములొస్తాయి. నాకు ముందు కుడిచేతి వేళ్లు బిగుసుకుంటాయి. నిన్న నరసరావుపేట బస్టాండు దగ్గర ఆ ఘాటు తగలగానే చేతిని చున్నీలో దాచుకున్నాను. వెంటనే సుగుణమ్మ టీచరు గుర్తొచ్చారు.

ఆవిడ మా స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఓడ మీద వంటపని చేసే తమ్ముడు ఎక్కడినుంచో డార్ట్స్ బోర్డు తెచ్చిస్తే, మాకు తీసివేతలు నేర్పడానికి దాన్ని తన వరండా గోడకు తగిలించారు. ఐదు వందల ఒకటి నుంచి, బాణం గుచ్చుకున్న అంకె తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకు రావాలి. చివరి బాణం మాత్రం బోర్డు అంచున సన్నగా ఉండే, అంకెను రెట్టింపుగా లెక్కేసే డబుల్ గడిలోనే పడాలి. లెక్కలంటే వణికే నేను ఆ ఆటకు అతుక్కుపోయాను. "ఏమే, లెక్క తప్పుతున్నావు గానీ గురి తప్పటంలా!" అని ఆవిడ ఆశ్చర్యపోయిన రోజు నాకింకా గుర్తే. ఆ తర్వాత రాష్ట్రం, దేశం దాటి, విదేశాల్లో ఏడాది పొడవునా జరిగే ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో ఆడే అర్హత సంపాదించాను.

మొదటి టోర్నమెంటు జర్మనీలో బాగానే గడిచింది. రెండోది ఇంగ్లండులో. మ్యాచ్ మధ్యలో చెయ్యి ఎత్తాను, వేళ్లు తెరుచుకోలేదు. బాణం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక జనం గుసగుసలాడుతున్నారు, రెఫరీ నావైపే చూస్తున్నాడు. ఎలాగో విసిరితే అది నేలమీద పడింది. మూడో టోర్నమెంటులోనూ అదే తంతు. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి, వేళ్లు విడతాయో విడవవో అని చూసుకునేదాన్ని. నాలుగోదానికి ముందు రెండు వారాలు విరామం వస్తే ఇంటికొచ్చాను. విషయం ఎవరికీ చెప్పలేదు.

టీచరు మాత్రం పసిగట్టి వరండాలోకి పిలిచి, "మూడు బాణాలు వెయ్యి, చూద్దాం," అన్నారు. వెయ్యలేకపోయాను. ఆవిడ ఓదార్చలేదు. బోర్డు తీసి, ఇంట్లోంచి ఖాళీ మిర్చి గోతాం తెచ్చి, నాలుగు మడతలు వేసి మేకుకు తగిలించారు. "ఇప్పుడు వెయ్యి. దీనిమీద అంకెల్లేవు." వేళ్లు తెరుచుకున్నాయి! గోతాంలోంచి కారం దుమ్ము లేచి ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. కళ్లు తుడుచుకుంటూ ఆవిడ చెప్పారు: "కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడే. నా చేతిలో సుద్దముక్క కదల్లా. తప్పు రాస్తానని భయం."

"ఏం చేశారు టీచర్?"

"తప్పే రాశా. ఆయన అందరిముందూ అరిచాడు. చానా సిగ్గేసింది. తెల్లారి మళ్లీ బడికెళ్లా. నీకు గురి పోలా. తప్పుతుందేమోనని బాణాన్ని వదల్లేకపోతన్నావు."

ఆ ఏడాది ఆఖరి టోర్నమెంటు నెదర్లాండ్స్‌లో. అక్కడ ఆడే మ్యాచ్ గెలిస్తేనే మరుసటి ఏడాది ఆ టోర్నమెంట్లలో నా స్థానం నిలుస్తుంది. చివరికి ముప్ఫై రెండు మిగిలింది, డబుల్ పదహారు కొట్టాలి. చెయ్యి ఎత్తగానే వేళ్లు మళ్లీ బిగిశాయి. బాణం విసిరే గీత నుంచి వెనక్కి జరిగాను.  తప్పుతుందని తెలిసే విసిరాను. మొదటిది గడి చుట్టూ ఉండే తీగకు బయట, రెండోదీ బయటే, మూడోది అంచు తాకి జారిపోయింది. తర్వాతి వంతులో అవతలి అమ్మాయి ఆట ముగించేసింది.

హాలు బయటినుంచి ఫోన్ చేశాను.

"వదిలావా?" అన్నారు టీచరు.

"మూడూ వదిలాను టీచర్. మూడూ తప్పాయి. ఓడిపోయాను."

 "సరేలే, ఏడువు. నేను లైన్లోనే ఉంటా," అన్నారు. నేను ఏడ్చినంతసేపూ ఫోన్ పెట్టలేదు.

స్థానం పోయింది. మరుసటి ఏడు వేసవిలో టీచరు కూడా పోయారు. నేను మళ్లీ అర్హత పోటీలు ఆడుతున్నాను, కొన్ని గెలుస్తున్నాను. మ్యాచ్ ఉన్న రోజు ఇప్పటికీ తిండి సయించదు. వేళ్లు ఏ క్షణాన మొరాయిస్తాయో నాకే తెలియదు. భయం తగ్గాక ఆడదామని మాత్రం ఆగను. పేరు పిలవగానే లేచి వెళ్లి గీత దగ్గర నిలబడతాను.