తీసేసిన ఫోటో

చర్చిలో ఊరికే ఊడిగం చేసే ఆ రిటైర్డ్ టైపిస్టు భక్తి సంగతి దేవుడికే తెలియాలి. ఫోటోల పిచ్చి మాత్రం అందరికీ తెలుసు. పొద్దున్నే కుర్చీలు సర్ది, దుమ్ము తుడిచి, నడుం వంచి, ఒక కన్ను మూసి ఫోనుతో ఒక్కటంటే ఒక్క ఫోటో తీస్తాడు. దాన్ని చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టేదాకా టీ ముట్టడు. “బాబాయ్ ఫోటో రాందే మనకి తెల్లారదు,” అని అందరూ ఆటపట్టిస్తారు. ఆ రోజు కిటికీ వెలుతురు చక్కగా కుదిరిందని మురిసిపోతుంటే పాస్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. “ఎంత పని చేశావ్ బాబాయ్! వెనక కుర్చీలో ఆ పిల్ల కనిపిస్తోంది. మొగుడు చంపేస్తాడని పారిపోయొస్తేనేగా ఇక్కడ దాచాం? వాడూ గ్రూపులోనే ఉన్నాడు!” ముసలాయన గబగబా గ్రూపులోంచి ఫోటో చెరిపేశాడు. పాస్టరమ్మ పిల్లని లోపలి గదిలోకి లాక్కెళ్ళింది. ఆయన వీధి తలుపు గడియ పెట్టాడో లేదో, బయట బండి ఆగింది.

“బాబాయ్, ఫోటో బాగానే ఉందిగా. ఎందుకు తీసేశావ్?”

ఆ గొంతులో కోపం లేదు. దానికే ఆయనకి ఎక్కువ భయమేసింది. జన్మలో తన ఫోటోని తాను తిట్టుకోని మనిషి, గడియ మీద నుంచి చెయ్యి తీయకుండా అన్నాడు: “మసగ్గా వచ్చింది నాయనా. ఏమీ కనిపించలేదు.”