కండక్టర్ మామయ్య చెయ్యెత్తిన రోజు

ఆయన స్థిమితంగా కూర్చోగా చూసినవాళ్లు ఆ సందులో ఎవరూ లేరు. ఉద్యోగమంతా కదిలే బస్సులో నిలబడి చేసిన మనిషి. రిటైరయ్యాక కూడా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు! అన్నం మధ్యలో లేచి వీధిలైటు వెలిగిందో లేదో చూసొస్తాడు. కుళాయి సన్నగా వస్తే మునిసిపల్ ఆఫీసుకు పరుగు. వార్డు మీటింగు ఉందంటే ఇక చెప్పక్కర్లేదు, ముందురోజే చొక్కా ఇస్త్రీ అయిపోతుంది. చిన్నా పెద్దా అందరికీ ఆయన కండక్టర్ మామయ్యే.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అన్నారా? మీకెందుకండీ ఈ గోలంతా?" అని భార్య విసుక్కునేది.

ఈసారి ఆ గోల ఇంటి గుమ్మంలోకే వచ్చింది. సందును వెడల్పు చేస్తారట. ఎడమవైపు ఇళ్లకు ముందుగదులు పోతాయట. వీళ్లది ఎడమవైపే. ఆ ముందుగదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషన్. దారిన పోయేవాళ్లు కిటికీలోంచే బట్టలు ఇచ్చి, కిటికీలోంచే కొలతలు చెప్పి పోతారు. ఆ గది పోతే ఆమె పని పోయినట్టే. పిల్లల చదువులకు ఆయన జీతం ఎంత ఆసరా అయిందో ఆ మిషనూ అంతే అయింది. దాని జోలికి వస్తే ఊరుకుంటాడా?

మరునాటినుంచి ప్రతి తలుపూ తట్టాడు. బస్సులో జనాన్ని సర్దే గొంతుతోనే చెప్పాడు.

"రోడ్డు వెడల్పు మీద వార్డు మీటింగు ఉంది, అందరూ రావాలి. వంకలు కుదరవు. మీరెవరూ నోరు విప్పక్కర్లేదు. నా వంక చూస్తూ ఉండండి. నేను చెయ్యెత్తితే ఎత్తండి, దించితే దించండి. మిగతాది నేను చూసుకుంటా."

జనానికి ఈ మాట బాగా నచ్చింది. మైకు ముందు నిలబడి మాట్లాడమంటే ఎవరికైనా గుండె దడే కదా. చెయ్యెత్తమంటే అదెంత పని!

మీటింగు రోజున హాలు నిండిపోయింది. మామయ్య గోడవారగా నిలబడ్డాడు. నిలబడ్డాడనేగాని, ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. గోడకు తగిలించిన మ్యాపు మీద మునిసిపాలిటీ ఇంజినీరమ్మ ఏవో గీతలు చూపిస్తోంది. ఆమె నోట వెడల్పు అన్న మాట వచ్చినప్పుడల్లా ఆయనకు ఒళ్లంతా చీమలు పాకినట్టుంది. తన వంతు ఎప్పుడొస్తుందా అని ప్రాణం కొట్టుకుపోతోంది.

"అభ్యంతరాలు తర్వాత వింటాం. ముందు ఈ ప్లానుకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అంది ఇంజినీరమ్మ.

మామయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తర్వాతేమిటమ్మా తర్వాత!" అంటూ బస్సు ఆపమన్నట్టు చెయ్యి పైకి విసిరాడు.

సందు సందంతా చెయ్యెత్తింది.

"అందరూ ఒప్పుకున్నారు. చాలా సంతోషం" అంది ఇంజినీరమ్మ.

"అయ్యయ్యో! దించండి! దించండర్రా!"

దించారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇద్దరు ముగ్గురు దించనే లేదు. మామయ్య వాళ్ల వంక గుడ్లురిమి చూసినా దించలేదు. ఇంజినీరమ్మకు ఏం రాసుకోవాలో తోచలేదు.

అప్పుడు లేచింది ఆయన భార్య. మొదటినుంచీ చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది ఆవిడొక్కతే.

"అమ్మా, కాసేపు ఈయన్ని బయటికి పంపించి మళ్లీ అడగండి. ఈయన ఎదురుగా ఉంటే వీళ్లంతా ఈయన చేతినే చూస్తారు."

"ఇదంతా నీకోసం కాదటే? నువ్వా ఈ మాట అనేది!" అన్నాడు మామయ్య. ఇంత బతుకూ బతికి నిండు మీటింగులోంచి బయటికి వెళ్లడం ఆయనకు తల కొట్టేసినట్టయింది. అయినా వెళ్లాడు.

వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తలుపుకు చెవి ఆనించాడు. లోపల సందు చివరింటి వ్యాను డ్రైవరు గొంతు లేచింది, తగ్గింది. తర్వాత మైకులో ఓ ఆడగొంతు వణుకుతూ ఏదో చెప్పింది. ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. మళ్లీ వరండా ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు. నా మిషను పోయిందిరా దేవుడా అనుకున్నాడు, దానిమీద రోజూ కుట్టేది తనే అయినట్టు.

తలుపు తెరుచుకుంది. జనం తలలు వంచుకుని ఆయన పక్కనుంచి జారుకున్నారు. వ్యాను డ్రైవరు మాత్రం ఆగాడు.

"ఏమనుకోకండి మామయ్యా. నేను రెండుసార్లూ ఎత్తాను. మా అమ్మకు గుండెనొప్పి వచ్చినరోజు అంబులెన్సు సందులోకి రాలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెయిన్ రోడ్డుదాకా మోసుకెళ్లాం. అక్కడికి చేరేసరికే అమ్మ లేదు." అని వెళ్లిపోయాడు.

మామయ్య భార్య వంక తిరిగాడు. "నువ్వు?"

"రెండోసారి ఎత్తాను. ఆ కుర్చీ ఒక పక్క పట్టుకుంది నేనే. మీరప్పుడు ఏదో వార్డు మీటింగులో ఉన్నారు."

"మరి నీ గది?"

"పోతుంది. మునిసిపాలిటీ మెయిన్ రోడ్డు మీద నాకో షాపు గది చూపించి, మిషన్ అక్కడ పెట్టాకే గోడ ముట్టుకోవాలని రాయించాను. మైకులో నేనే చెప్పాను."

మామయ్య మొహం ఎర్రబడింది. "ఇంత జరిగితే, నన్నొక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

ఆమె పైట సర్దుకుంది. "ప్రతి తలుపూ తట్టారు కదండీ. మీకు రోడ్డు కావాలా వద్దా అని వీళ్లలో ఒక్కరినైనా అడిగారా? పోనీ వీళ్లంతా పరాయివాళ్లు. నేను ఇంట్లోనే ఉన్నాను. నన్నడిగారా?"

ఆయన వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"అడగలేదు" అన్నాడు.