సైరన్ విని ఎసరు పెట్టిన మనిషి

నా చిన్నప్పుడు మా బంగారు గనుల ఊరు ఊరిగాంలో వేళ తెలియడానికి గడియారం అక్కర్లేదు, గని సైరన్ చాలు. పొద్దున కూస్తే మా నాన్న గనిలోకి దిగినట్టు, మధ్యాహ్నం కూస్తే షిఫ్టు ముగిసి పైకి వస్తున్నట్టు. వేళ కాని వేళ కూసిందంటే మాత్రం లోపల ఏదో జరిగినట్టే. భూమి అడుగున బండ పేలి, మా కంపెనీ ఇళ్ళు దడదడలాడి, వెనకే ఆ సైరన్ వినిపిస్తే ఆడవాళ్ళంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి గని గేటు దగ్గరికి పరుగెత్తేవారు. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి మా అమ్మ చెప్పులు కూడా లేకుండా అలా పరుగెత్తింది. నాన్న క్షేమంగానే వచ్చాడు. పొయ్యి మీద పప్పు మాడిపోయిన ఆ వాసన మాత్రం నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు.

ఎనిమిదో తరగతిలో మాకు తెలుగు పాఠంగా ఒక కొత్త కథ వచ్చింది. ఎక్కడో మిల్లు ఉన్న ఊరు, ఆ మిల్లులో పని చేసే ఒకాయన, ఆయన భార్య. కథ చివర మిల్లు సైరన్ కూస్తుంది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, గుమ్మంలోకి వచ్చి వీధి చివరిదాకా చూస్తుంది. లోపలికి వెళ్ళి పొయ్యి మీద ఎసరు పెడుతుంది. అంతే, కథ అయిపోతుంది. తర్వాత ఏమైందో ఒక్క ముక్క ఉండదు.

మా తెలుగు మాస్టరు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. మంచివాడే. కానీ ఈ కాలపు కథలూ కవితలూ అనగానే ఆయన ఒక తాళంచెవుల గుత్తి బయటికి తీసేవాడు. దీపం వస్తే జ్ఞానం, వాన వస్తే దుఃఖం, ఎరుపు కనిపిస్తే తిరుగుబాటు. ఈ కథలో సైరన్ అంటే మనిషి యంత్రానికి బానిస కావడమని బోర్డు మీద రాసి, మమ్మల్నీ రాసుకోమన్నాడు. నాకు ముక్కు మీదే కోపం. లేచి నిలబడి, "కాదు సార్, ఆయమ్మ మొగుడు సచ్చిపోయినాడేమోనని భయపడతా ఉండాది" అన్నాను. మా క్లాసులో ఎవరూ నవ్వలేదు, సగం మంది నాన్నలు గనిలోనే ఉన్నారు. మాస్టరు మాత్రం నవ్వాడు. "సైరన్ వింటే చావెందుకు గుర్తొస్తుందమ్మా? కథ చదివావా, కల గన్నావా?" అని బెంచీ ఎక్కించాడు.

ఒళ్ళు మండిపోయింది. సైరన్ గురించి నాకు చెప్పడానికి ఈయనెవరు అనిపించింది. ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. ఇంటికి వస్తూనే సంచీ విసిరేసి మా తాతయ్య ముందు కూలబడ్డాను. మా తాతయ్య కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు. రాష్ట్రాల సరిహద్దు నంగలి దాటి వచ్చే ఏ తెలుగు పత్రికైనా ముందు ఆయన చేతిలో పడాల్సిందే. నాకు కావలసింది ఒక్కటే. సోమవారం ఆయన నాతో బడికి వచ్చి, నేను చెప్పిందే సరైనదని అందరి ముందూ అనాలి. మా నాన్న రోజూ దిగే చోటు గురించి నేను కల గనలేదని ఆ మాస్టరుకు చెప్పాలి.

తాతయ్య కథ తాపీగా చదివాడు. నా ప్రాణం తోడేస్తూ మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "సైరన్ కూసినాక ఆయమ్మ ఏం జేసింది?" అని అడిగాడు.

"భయపడింది తాతా."

"అది నువ్వు పడినావు. ఆయమ్మ ఏం జేసిందమ్మా?"

చేతులు తుడుచుకుంది, చూసింది, ఎసరు పెట్టింది అని పళ్ళు నూరుతూ అప్పజెప్పాను. ఊఁ అన్నాడు. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టాడు. బడికి వస్తావా రావా అంటే, "ముందు పోయి వంటింటి గడప కాడ సుమ్నే కూసో. మీ నాయన వచ్చే వేళయితా ఉండాది. నోరు మాత్రం తెరవద్దు" అన్నాడు. న్యాయం చెప్పమని వస్తే నోరు మూసుకోమన్నాడే అని ఏడుపొచ్చింది. అయినా వెళ్ళి కూర్చున్నాను.

అమ్మ రాగిపిండి జల్లిస్తోంది. నేను ముఖం మాడ్చుకుని గడప మీద గోళ్ళతో గీకుతున్నాను. సైరన్ కూసింది. అమ్మ జల్లెడ పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. నన్ను దాటుకుని వీధి గుమ్మంలోకి పోయి, మా ఇళ్ళ వరస చివరిదాకా చూసింది. వెనక్కి వచ్చి ఏదో కూనిరాగం తీస్తూ సంగటికి ఎసరు పెట్టింది.

అమ్మ రోజూ చేసే పనే అది, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తోంది. నేను ఏనాడో వేళ కాని వేళ కూసిన సైరన్‌ని మోసుకు తిరుగుతూ, రోజూ కూసేదాన్ని వినడమే మానేశాను. భయపడిన నాడు అమ్మ ఎసరు పెట్టలేదు, పొయ్యి మీద ఉన్నదాన్నే వదిలేసి పరుగెత్తింది. కథలో ఆమె ఎసరు పెట్టిందంటే, మొగుడు వస్తాడని ఆమెకు తెలుసు.

అర్థమైనందుకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. ఓడిపోయినట్టు అనిపించి కోపం ఇంకా పెరిగింది. "అయితే సార్ చెప్పిందే సరా?" అని తాతయ్య మీదికి పోయాను.

"ఎసరు గురించి ఆయప్ప ఏమి చెప్పినాడు?"

"ఏమీ చెప్పలేదు."

"మరి అడుగు పో."

నువ్వు రా తాతా అని ఎంత బతిమాలినా రాలేదు. చదివింది నువ్వు, నేనెందుకు అనేశాడు.

సోమవారం నేనే లేచాను. సైరన్ బానిసత్వమైతే ఆమె ఎసరు ఎందుకు పెట్టింది సార్ అని అడిగాను. మాస్టరు పుస్తకం వైపు చూశాడు. చివరి పేరా మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు. తర్వాత, పరీక్షలో మాత్రం బానిసత్వం అనే రాయమని చెప్పి, ఎదురు ప్రశ్న వేసినందుకు మళ్ళీ బెంచీ ఎక్కించాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఇంటికి వచ్చి తాతయ్య మీద విరుచుకుపడితే, "పుస్తకం దిక్కు చూసినాడా లేదా?" అన్నాడు. చూసినాడన్నాను. "ఇంగ చాలు పో" అని పత్రికలో తల దూర్చాడు. ఎవరిది సరైనదో తాతయ్య తను పోయేదాకా చెప్పలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మొన్న కాలేజీలో చదివే నా మనవరాలు ఒక కవిత పట్టుకొచ్చి, "అవ్వా, దీంట్లో తలుపు దేనికి సంకేతం?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా దాని ఫోనే చెప్పేసింది, తలుపంటే అవకాశమట. "తలుపు ఎవురు తీసినారే? లోపల నుంచా, బయట నుంచా?" అన్నాను. "మార్కులకు అదంతా ఎందుకవ్వా!" అని విసుక్కుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మా మాస్టరు ఎప్పుడో పోయాడు, ఆయన తాళంచెవుల గుత్తి మాత్రం పదిలంగా ఈ ఫోనులోకి వచ్చి చేరింది. సరే, నువ్వే చెప్పు అంది మనవరాలు. నేను ఊఁ అని ఊరుకున్నాను. అది అలిగి లేచి వెళ్ళిపోయింది. అలగనీ, నేను అలగలేదా?

గని మూతపడి, సైరన్ ఆగిపోయి చాలా కాలమైంది. నాన్న అంతకు ముందే పోయాడు. అయినా మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ వేళకు చేతులు కొంగుకు తుడుచుకుని, గుమ్మంలోకి వచ్చి, ఇళ్ళ వరస చివరిదాకా చూసి లోపలికి వెళ్ళేది. ఎసరు మాత్రం పెట్టేది కాదు. ఎందుకమ్మా అని నేను అడగలేదు, అడగాల్సిన అవసరం రాలేదు. ఈనాటికీ ఏ కథలోనైనా ఎవరైనా గుమ్మంలోకి వచ్చి నిలబడితే, అది దేనికి సంకేతమో నాకు తోచదు. ముందు వాళ్ళ చేతులు చూస్తాను. తర్వాత పొయ్యి మీద ఏముందో చూస్తాను.