సత్యవతికి అంటగట్టిన చుట్ట

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని గుండెల మీద మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కోనసీమను తుఫాను ముంచెత్తిన ఏడాది మా రైసుమిల్లు కప్పు ఎగిరిపోయింది. ధాన్యమంతా బురదనీటిలో నాని, బూజు పట్టి ఎండింది. పారబోయడానికి నాన్నగారికి మనసొప్పలేదు. ఇళ్లు కూలి, పొయ్యి వెలగని పేట ఆడవాళ్లు కూలిపనికి వచ్చారు. గోనెలు విప్పి జల్లెడ పడుతుంటే, లేచిన దుమ్ములో ఎదుటి మనిషి కనిపించేది కాదు. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకునేవారు. అంతే.

కొన్నాళ్లకే అందరికీ దగ్గు. వాళ్లలో సత్యవతికి ఆయాసం కూడా. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. కారులో రాజమండ్రి నేనే తీసుకెళ్లాను. ఊరంతా నన్ను మెచ్చుకుంది.

డాక్టరుగారు ఆమెనే అడిగారు. "ఏం పని చేస్తావమ్మా? దుమ్ములో ఏమన్నా ఉంటావా?"

ఆమె నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "చుట్ట తాగుద్దండి. ఎప్పట్నుంచో."

ఆమె నా వంక చూసింది. "అవునండి," అంది.

ఎందుకన్నాను? మిల్లు మూయిస్తారని భయమా? నాన్నగారి పరువా? ఎన్నిసార్లు తవ్వుకున్నా, నన్నెత్తుకున్న మనిషి కంటే ఆ క్షణంలో మిల్లే నాకు దగ్గరైందన్న చోట ఆగిపోతాను.

చుట్ట మానమని చెప్పి, మందులిచ్చి పంపారు. మర్నాడు ఆమె మళ్లీ ఆ దుమ్ములోకే వెళ్లింది. నేను ఆపలేదు. దొంగచాటుగా తాగేదట అని పేటలో నవ్వుకున్నారు. ఆమె కాదనలేదు.

ఇప్పుడామె నడుం వాల్చలేకపోతోంది. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తుంది. ఆమెతో జల్లెడ పట్టినవాళ్లలో ఇద్దరు దగ్గీ దగ్గీ పోయారు. చాలా ఆలస్యంగా ఆ డాక్టరుగారికి నిజం చెప్పాను. అప్పుడే తెలిస్తే ఆ పని మాన్పించేవాణ్ణనీ, పాడైన ఊపిరితిత్తులను ఇప్పుడు వెనక్కి తేలేననీ అన్నారు.

సత్యవతికీ చెప్పాలని వెళ్లాను. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ, భోంచేశావా బాబూ అని అడిగింది. చెప్పలేక వచ్చేశాను. ఆమెకు తెలియనిదేముంది? అయినా నా నోట వినాలి కదా. ఆ ధైర్యం నాకు లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. సత్యవతి ఏనాడూ చుట్ట ముట్టలేదు. ఆమె పీల్చింది మా ధాన్యపు దుమ్ము.

ఈ రెండు మాటలూ రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. అలా అనడానికి కూడా సిగ్గుగా ఉంది.