రంపానికి పెళ్ళిచూపులు

కాఫీ తోటల్లో మూకీమా చెట్లు ఉన్నంతకాలం కిబుచికి పని ఉంటుందని మా ఊరు కెరుగోయాలో అందరి నమ్మకం. సిల్వర్ ఓక్ అని కొందరు పిలిచే ఈ చెట్టు నిటారుగా పెరుగుతుంది, అడ్డదిడ్డంగా కొమ్మలు వేస్తుంది, కాఫీ మొక్కకు దక్కాల్సిన ఎండంతా తనే మింగేస్తుంది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పైకెక్కి, పక్క కొమ్మలన్నీ నరికి, కొసన కోడిపుంజు తోకలాగా ఒక్క కుచ్చు వదిలి దిగాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ కిబుచే.

చెట్టు మీద కిబుచి నిర్ణయాలు మంత్రివర్గ నిర్ణయాల కన్నా గట్టివి. ఏ కొమ్మ ముందు, ఏది తర్వాత, ఏది ఎటు పడాలి అన్నది అతను చూసిన మరుక్షణం తేల్చేస్తాడు. నేల మీద సంగతి వేరు. టీ తాగుతావా, గంజి తాగుతావా అని భార్య రుగురు అడిగితే గుమ్మంలో నిలబడి ఎంతో సేపు ఆలోచిస్తాడు. ఈలోపు రెండూ చల్లారతాయి. చివరికి ఆమె ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. ఇలా వాళ్ళ సంసారం సుఖంగానే సాగుతోంది.

కష్టం కిబుచి కుడి భుజానికి వచ్చింది. ఏళ్ళ తరబడి పంగా కత్తి విసిరి విసిరి ఆ భుజం ఇక పైకి లేవనని మొరాయించింది. చర్చిలో చేతులెత్తి పాడే చోట కిబుచి ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తుతుంటే, ఇతనికి దేవుడితో సగమే సయోధ్య ఉందని వెనక బెంచీవాళ్ళు అనుకున్నారు. మోటారు రంపం కొనుక్కోవాలి, లేదా చెట్టు దిగిపోవాలి. దిగిపోతే చెయ్యడానికి ఉద్యోగం ఒకటి సిద్ధంగానే ఉంది. మాంసం కొట్టు ఇరేరి తన కొట్లో ఈగలు తోలడానికి మనిషి కావాలని, ఆ పనికి ఎడమ చెయ్యి చాలని, ఊరందరి ముందూ ప్రకటించాడు. ఇరేరి మనసు మంచిదే. అందుకే ఆ మాట మరీ గట్టిగా తగిలింది.

అదృష్టవశాత్తూ మా ఉన్నతి సంఘంలో వంతు కిబుచికి వచ్చింది. సభ్యులందరం వారం వారం కొంత వేస్తాం. వంతు వచ్చినవాడికి కావలసిన వస్తువు కొనిపెడతాం. డబ్బు మాత్రం చేతికివ్వం. చేతికిచ్చిన డబ్బు సారా కొట్టు దాకా వెళ్ళి వస్తువుగా మారకుండానే ఆవిరైపోతుందని పెద్దల అనుభవం. అందుకని సంఘం మొత్తం కట్టగట్టుకుని దుకాణానికి వెళ్ళాలి, సంఘం మొత్తం వస్తువును పరీక్షించాలి, సంఘం మొత్తం ఒప్పుకోవాలి. మంగలి గచోకికి కుర్చీ కొన్నప్పుడు ప్రతి సభ్యుడూ అందులో కూర్చుని, వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, తన అభిప్రాయం చెప్పాడు. అందులో ఒకాయన గురక పెట్టడంతో కొనుగోలు మధ్యాహ్నానికి వాయిదా పడింది.

అలా ఆ మంగళవారం పొద్దున మేమంతా కరీమి దుకాణంలోకి జొరబడ్డాం. కరీమి పంపులు, మందు కొట్టే డబ్బాలు, మోటారు రంపాలు అమ్ముతుంది. మమ్మల్ని చూడగానే ఆమె ముఖంలో గచోకి కుర్చీ కొన్ననాటి జ్ఞాపకాలు కదిలాయి. ఆ కుర్చీ ఆమె అన్నగారి దుకాణంలోది.

"ముందు ప్రార్థన," అన్నాడు ఇరేరి. అతనే మా సంఘానికి చైర్మన్.

ప్రార్థన కోశాధికారి వాముయు చేసింది. వాముయు కిబుచికి అత్తగారు. ఆమె ప్రార్థన వర్షాలతో మొదలై, కాఫీ ధర మీదుగా, పొరుగూరి పాస్టరు నడవడిని స్పృశించి, కొనబోయే యంత్రాన్ని ఆశీర్వదించి ముగిసింది. అంత సేపూ కిబుచి నీటి పంపు వెనక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మా ఆచారంలో అల్లుడు అత్తగారి ముఖంలోకి చూడకూడదు, ఆమెకు ఎదురుపడకూడదు, ఎదురుపడితే దారి దిగి పొదల్లో నిలబడాలి. ఇక ఆమె మాట కాదనడమన్నది మా వైపు ఇంకా ఎవరూ చేసి చూడలేదు.

కరీమి మూడు రంపాలు బల్ల మీద పెట్టింది. మొదటిది పొడుగ్గా, ఎర్రగా, వెనక పిడితో, పడుకున్న మొసలిలా ఉంది. రెండోదీ అదే జాతి, కాస్త చిన్నది. మూడోది పొట్టిది. దానికి పిడి వెనక లేదు, నెత్తిన ఉంది.

కిబుచి పంపు వెనక నుంచి చెయ్యి చాపి మూడోదాన్ని చూపించాడు.

ఇరేరి దాన్ని ఎత్తి చూశాడు. తర్వాత మొసలిని ఎత్తి చూశాడు. రోజూ కాళ్ళూ తొడలూ తూచే చెయ్యి అది, పొరపాటు పడదు.

"ఇది ఎంత, అది ఎంత?"

కరీమి చెప్పింది.

"ఆగమ్మా. ఈ పొట్టిదానికా ఎక్కువ? సగం బరువు లేదు కదా! నా కొట్లో మేకపిల్లను ఎద్దు ధరకు అమ్మితే నన్ను బతకనిస్తారా మీరు?"

"అది చెట్టెక్కేవాళ్ళ కోసం చేసింది, చైర్మన్ గారూ," అంది కరీమి. "కొమ్మల మధ్య ఒంటికి దగ్గరగా పట్టుకుని కొయ్యొచ్చు. తేలికగా చెయ్యడానికే ఖర్చు ఎక్కువ."

"తక్కువ ఇనుము పెట్టి ఎక్కువ డబ్బు తీసుకుంటారన్నమాట. తెలివైనవాళ్ళే."

గచోకి దాని మీద అంటించిన కాగితం చదివాడు. "ఇదిగో, శిక్షణ పొందినవాళ్ళే వాడాలట. కిబుచీ, నీ శిక్షణ ఏంటి?"

"మా నాన్న నన్ను చెట్టెక్కించి నిచ్చెన తీసేశాడు," అన్నాడు కిబుచి గోడతో. "తర్వాత నదికి అవతల మా మేనమామ కొడుకు తాడు కట్టుకోవడం, ఈ మిషను పట్టుకోవడం నేర్పాడు. వాడిదీ ఇలాంటిదే. నడుముకు తాడుతో వేలాడదీసుకుని ఎక్కాలి. వెనక పిడి ఉన్నది పైన పనికి రాదు చైర్మన్ గారూ. తోక కొమ్మల్లో ఇరుక్కుంటుంది. మోచేతులు తిప్పుకోవడానికి చోటుండదు."

"పిడి నెత్తిన ఉంది కదా, ఒక చేత్తో కోసి రెండో చేత్తో జనానికి చెయ్యూపొచ్చా?" అన్నాడు ఇరేరి.

"రెండో చెయ్యి ముందు పిడి మీద ఉండాలి. చెయ్యూపితే ఆ చెయ్యే కింద పడుతుంది."

ఇరేరి ఆలోచనలో పడ్డాడు. బహుశా ఇక ఒప్పుకునేవాడే. అప్పుడు వాముయు గొంతు సవరించుకుంది. కిబుచి మెడ భుజాల్లోకి దిగిపోయింది.

"మా అల్లుడు పెద్దదే తీసుకుంటాడు," అంది ఆమె. "అతన్ని నలుగురూ చూస్తారు. ఆ పొట్టిదాన్ని పట్టుకుని నడిస్తే పిండి మర సామాను ఎత్తుకుపోతున్నాడనుకుంటారు. నా కూతురు పెద్దింట్లో పడిందని ఊరంతా చెప్పుకున్నాను. ఈ ఎర్రదే మా ఇంటికి తగ్గది. ఇదే కొనండి."

సంఘంలో చేతులు టపటపా లేచాయి, ఎర్రదానికి. కిబుచి కాదనలేడు. ఎర్రదాన్ని మోసుకుని మూకీమా ఎక్కనూలేడు. అతని కళ్ళ ముందు ఇరేరి కొట్టూ, కొట్లో ఈగలూ కనపడ్డాయి. పంపు సందులోంచి గచోకి చొక్కా పట్టుకుని లాగాడు.

"అన్నా, నువ్వు మాట్లాడు. నా తరఫున."

"ఏమని?"

"పెళ్ళికి మాట్లాడావుగా, అలాగే."

గచోకి మా వైపు పేరున్న పెళ్ళి రాయబారి. గడ్డాలు గీయడం అతనికి ఉపవృత్తి. వెంటనే టోపీ తీశాడు, గొంతు మార్చాడు, వాముయు ముందు వంగి నిలబడ్డాడు.

"అమ్మగారూ, మేము దారినపోయేవాళ్ళం. మీ దొడ్డివైపు వస్తుంటే ఒక చిన్న మేకపిల్ల కనపడింది. పొట్టిది, నెత్తిన కొమ్ముది. మా కుర్రాడు దాన్ని చూసి నిద్ర మానేశాడు. ఆ పక్కనున్న ఎర్ర ఆవు గొప్పింటిదే, కాదనం. మా పాక గుమ్మం చిన్నదమ్మా, అది పట్టదు."

వాముయు కొంగులాంటి లెసో గుడ్డను భుజం మీద సవరించుకుంది. ఇలా మర్యాదగా అడిగితే మర్యాదగా జవాబు చెప్పక ఆమెకూ గత్యంతరం లేదు. పైగా ఆమెకు ఇది ఇష్టమైన ఆట.

"దారినపోయే పెద్దమనిషీ, మీ కుర్రాడి కంటి సంగతి మాకు తెలుసు. వెనకటికి పెళ్ళినాడు మా ఆడపిల్లల్ని ముసుగులేసి వరసగా నిలబెట్టి, నీ పిల్ల ఎవరో చెప్పమంటే ఎవర్ని చూపించాడో అడుగు."

అడగనక్కరలేదు. ఆ రోజు కిబుచి నేల మీద నిలబడి, అలవాటు ప్రకారం చాలాసేపు ఆలోచించి, వాముయు చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. ఆమెకు అప్పటికే మనవలు. ఆ తప్పుకు ఒక మేకను జరిమానాగా ఇచ్చుకున్నాడు. ఆమె మాత్రం అభిమానం వదులుకోలేక ఇప్పటికీ ఏటా అరటిగెల పంపుతుంది.

"కనుక," అంది వాముయు, "ఆ పిల్ల మీద అంత మనసుంటే ముసుగులో గుర్తుపట్టమను. పడితే తీసుకుపొమ్మను. తప్పితే ఎర్రది. తాకకూడదు, మామూలే."

ఆడవాళ్ళంతా ఒక్కసారి హుషారయ్యారు. మగవాళ్ళను వెనక్కి తిప్పి నిలబెట్టారు. కిబుచిని పంపుతో సహా తిప్పారు. ఒంటి మీది లెసోలు విప్పి రంపాలకు కప్పారు.

"నూనె మరకలు పడతాయమ్మా!" అని కరీమి మొత్తుకుంది.

"పెళ్ళన్నాక మరకలు పడవా?" అన్నారు.

తిరిగి చూస్తే బల్ల మీద మూడు ముసుగులు. కానీ మూడూ ఒకే ఎత్తు! పొట్టిదాని కింద మందు డబ్బాలు పేర్చారు, పక్కన ఉత్త గొట్టాలు దూర్చారు. కన్నతల్లి కూడా పోల్చుకోలేని పనితనం.

కిబుచి చూశాడు. మొదటి దాన్ని చూశాడు, మూడోదాన్ని చూశాడు, రెండోదాన్ని చూశాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. నేల మీద ఉన్నాడు కదా.

"ఈగలు కూడా నాలుగు రకాలుంటాయి కిబుచీ," అన్నాడు ఇరేరి ఓదార్పుగా. "విసుగు పుట్టదు."

ఆ మాటతో కిబుచికి ఎక్కడలేని తెలివి వచ్చింది. గచోకి చెవిలో ఏదో ఊదాడు.

"అమ్మగారూ," అన్నాడు గచోకి, "పిల్లల్ని కాస్త నడిపించండి. కుంటివాళ్ళని అంటగడుతున్నారేమోనని మావాళ్ళ అనుమానం. ఒక్కో పిల్లను ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, రెండో చెయ్యి వెయ్యకూడదు. గొట్టాలూ డబ్బాలూ కన్నవారింట్లోనే ఉండనివ్వండి."

అడిగే హక్కు పెళ్ళివారికి ఉంది. ఆడవాళ్ళు ముసుగు జారకుండా, లోపల ఏ పిడి దొరికితే అది పట్టుకుని లేపారు. ఎవరికేది వచ్చిందో వాళ్ళకీ తెలియదు. చివరిది ఎత్తడానికి మనిషి చాలక వాముయు తనే పూనుకుంది.

మొదటి ముసుగు బల్ల దిగుతూనే ముక్కు నేలకు వేసింది. పట్టుకున్నావిడ దాని వెనకే వంగి, నమస్కారం పెడుతున్నట్టు దుకాణమంతా తిరిగింది. రెండోది నడిపించేవిడ మోకాళ్ళను వరసగా పలకరించింది. ఆవిడ నడక చూసి గచోకి, "ఈ పిల్ల కుంటిది కాదు, మనల్ని కుంటివాళ్ళని చేసేది," అన్నాడు.

వాముయు మాత్రం చర్చికి పోయే మనిషిలా నడిచింది. మోచేతి దగ్గర ముసుగు చక్కగా, నేలకు సమంగా వేలాడుతోంది. ఆమె బల్ల చుట్టూ తిరిగింది, గుమ్మం దాకా వెళ్ళింది, గుమ్మం దాటింది. బజార్లో పాస్టరు భార్య కనపడితే ఆగి వర్షాల గురించి మాట్లాడింది. చేతిలో ఒకటి ఉందన్న సంగతే మర్చిపోయింది.

కిబుచి ముఖం వెలిగింది. పిడి నెత్తిన ఉన్నదే అలా సమంగా వేలాడుతుంది, తన రంపం ఏదో తెలిసిపోయింది. మరుక్షణం ఆ ముఖం ఆరిపోయింది. అది నాదని చెప్పాలంటే అత్తగారి వైపు వేలెత్తి చూపాలి!

"చెప్పవయ్యా!" అన్నాడు ఇరేరి. "ఏది?"

కిబుచి ఎడమ చెయ్యి సగం లేపి జేబులో పెట్టుకున్నాడు. చేతులెత్తే ఓటుకు ఇరేరి మళ్ళీ అందర్నీ సిద్ధం చేస్తున్నాడు. కిబుచి మరోసారి గచోకి చెవి అందుకున్నాడు. ఈసారి ఊదడం చాలాసేపు సాగింది.

వాముయు లోపలికి రాగానే గచోకి టోపీని గుండెకు అదుముకున్నాడు.

"అమ్మగారూ, మా పిల్ల దొరికింది. అయితే అది ఎంతో గొప్ప చేతి మీద కూర్చుని ఉంది. అటు మా వేలు లేవదు, మా చూపు పోదు. ఆ చెయ్యి తనంతట తాను ముసుగు తీస్తే మేం బతుకుతాం."

వాముయు చుట్టూ చూసింది, తన చెయ్యి చూసుకుంది, ముసుగెత్తింది.

"ఇదా? నేను నా చేతిసంచీ అనుకున్నాను!"

ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ శుభకూతలు మొదలుపెట్టారు. మా వైపు మగబిడ్డ పుడితే ఐదు కూతలు, ఆడబిడ్డ పుడితే మూడు. రంపానికి ఎన్ని అన్నది అక్కడికక్కడ తేలక నాలుగుతో సరిపెట్టారు.

వాముయు ఇంకా రంపాన్ని దించలేదు. మొదటి ముసుగు మోసినావిడ నడుం పట్టుకుని కూలబడి ఉంది. ఆమెనూ, పక్కనున్న ఎర్రదాన్నీ వాముయు మార్చి మార్చి చూసింది.

"ఈ మొసలిని కట్టుకుని మా అల్లుడు చెట్టెక్కాలా? నా కూతుర్ని ఏం చేద్దామని? ఎర్రది కొనమని ఎవరన్నారు?"

దుకాణంలో ఎవరికీ గుర్తు రాలేదు. ఇరేరి, చైర్మన్ పదవికి తగిన హుందాతనంతో, తనే అన్నానని ఒప్పుకున్నాడు.

ఊరేగింపుగా ఇంటికి వెళ్ళాం. ముందు వాముయు, మోచేతికి రంపం. వెనక సంఘం, పాటలు. అందరికీ వెనక, మర్యాదకు ఎంత దూరం కావాలో అంత దూరంలో కిబుచి, చేతిలో గొలుసుకు పోసే నూనె డబ్బా. గుమ్మంలో రుగురు దాన్ని చూసి, "మంచిదే ఏరావే!" అంది తల్లితో.

మర్నాడే కిబుచి తాడు కట్టుకుని మూకీమా ఎక్కాడు. నడుముకు వేలాడదీసిన రంపాన్ని పైకి లాక్కున్నాడు, రెండు చేతులా ఒంటికి దగ్గరగా పట్టుకున్నాడు, ఏ కొమ్మ ముందో చూసిన మరుక్షణం తేల్చేశాడు. భుజం పెదవి విప్పలేదు. మధ్యాహ్నానికల్లా ఆ తోటలో కాఫీ మొక్కలు ఎండలో కళ్ళు చికిలించుకుంటున్నాయి.

ఇప్పుడు అతను ఏ తోటలో ఉన్నా కింద వాముయు ఉంటుంది. అల్లుడు పైన ఉండగా తలెత్తి చూడకూడదు గనక చెట్టువైపు వీపు తిప్పి, కొమ్మలు పడని దూరంలో నిలబడుతుంది. పైన మిషను మోగినప్పుడల్లా దారినపోయేవాళ్ళను ఆపి, "విన్నారా? నేనే ఏరాను. వీళ్ళంతా ఎర్రది ఎర్రది అని నా ప్రాణం తీశారు," అంటుంది.

కొమ్మల్లోంచి కిబుచికి ప్రతి మాటా వినపడుతుంది. కాదనడానికి మాత్రం వీల్లేదు. కాదనాలంటే ముందు గచోకిని చెట్టెక్కించాలి.